అరువు అక్షరాలతో అచ్చయిన పాటలు

మొన్న హైదరాబాదు నుంచి పుస్తకాలు వేసే అమ్మాయి ఫోను చేసింది. మా చిన్నాయన ఎప్పుడో అచ్చువేసిన పాటల పుస్తకాన్ని మళ్ళీ వేయిద్దామని, నా దగ్గర మిగిలిన ఒక్క ప్రతినీ పేజీ పేజీ ఫోటోలు తీసి పంపాను. ఆమె దాన్ని కంప్యూటరులో ఎక్కించింది. "మేడం, ప్రతి లైనులోనూ తప్పులు చూపిస్తోందండీ, పేజీ అంతా ఎర్ర గీతలే. భాష కొంచెం సరిచేసేద్దామా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. వద్దమ్మా, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అన్నాను. "సరేనండీ. పది కాపీలైనా వేస్తాం, ఒక్కటైనా వేస్తాం. మధ్యాహ్నం మీరు ఊఁ అంటే సాయంత్రానికి తయారు" అంది. ఆ భాషను ఒకసారి సరిచేసింది నేనే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

రాయచూరు స్టేషను రోడ్డులో మా చిన్నాయనకు అచ్చాఫీసు ఉండేది. పొడుగాటి గది. ముందు కాలితో తొక్కే మిషను, వెనక గోడ పొడవునా గళ్ళ పెట్టెలు, గళ్ళ నిండా సీసం అక్షరాలు. లోపలికి అడుగుపెడితే సిరా, కిరోసిను, కొత్త కాగితం కలిసిన వాసన, దానిమీద చిన్నాయన బీడీ వాసన. వచ్చే పని చాలావరకు కన్నడం: పత్తి బజారు నోటీసులు, నాటకాల కరపత్రాలు. తెలుగు అక్షరాలు తెప్పించింది సిరవార వైపు కాలువ కింద స్థిరపడ్డ కోస్తావాళ్ళ శుభలేఖల కోసం. అందుకని మా తెలుగు పెట్టెలో 'శ్రీ'లు దండిగా ఉండేవి, మిగతావి పొదుపుగా వాడుకోవాలి. బడిలో నేను చదివింది కన్నడం. తెలుగు నేర్చుకున్నది ఆ పెట్టెల దగ్గరే. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు తెలుగును అద్దంలో చూసినట్టు రాశాను. మా చిన్నమ్మ ఆ కాగితాలను వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది.

ఆ పుస్తకంలోని పాటలు కట్టినావిడను అందరూ పాటలమ్మ అనేవాళ్ళు. ఆమె ఊరు తెలంగాణ సరిహద్దు దగ్గర, మా చిన్నమ్మ పుట్టిల్లు కూడా అదే. కూలికి పోయి కలుపు తీస్తూ సొంతంగా పాటలు కట్టేది. ఒక వానాకాలం అత్తగారింటికి పోయిన చిన్నాయన వేరుశనగ చేలో ఆమె పాట విని, గట్టు మీదే కూర్చుండిపోయాడట. తిరిగి వచ్చి, "ఈ పాటలు పుస్తకం జెయ్యాలె బిడ్డా, నువ్వు వోయి రాస్కొని రా" అన్నాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. వారం రోజులు ఆ ఊళ్ళో ఉండి ఆమె పాడింది పాడినట్టు పెన్సిలుతో రాసుకున్నాను. ఇంటికొచ్చాక అది పుస్తకంలో ఉండే తెలుగులా అనిపించలేదు. రాత్రింబవళ్ళు కూర్చుని శుభ్రంగా తిరగరాశాను. పెన్సిలు కాగితాలు పొయ్యిలోకి పోయాయి. చిన్నాయన నా మీద నమ్మకంతో చదవకుండానే అక్షరాలు పేర్చేశాడు.

కానీ ఆయనకొక పట్టుదల ఉండేది. పుస్తకం ఎవరిదో వాళ్ళు ఒప్పుకోనిదే మిషను ఎక్కించడు. పాటలమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెను బస్సులో పిలిపించి, కాగితాల కట్ట మీద కూర్చోబెట్టి, నన్ను చదివి వినిపించమన్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను: "గట్టు మీద ఇలా కూర్చున్నాను, గాలైనా నన్ను పలకరించలేదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శ్రద్ధగా విన్నది. నాలుగు పాటలయ్యాక మెల్లగా అడిగింది.

"మంచిగున్నయి బిడ్డా. ఎవరివి ఈ పాటలు?"

వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగింది. చిన్నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏడ్చేదాన్ని. ఆమె వైపు తిరిగి, "నువ్వెట్ల పాడ్తవో ఒకపారి పాడు పెద్దమ్మా" అన్నాడు. ఆమె పాడింది.

"గట్టు మీద గిట్ల గూసుంటి, గాలన్న నన్నడగదాయె..."

మిషను తొక్కే ఆయన కూడా పని ఆపి విన్నాడు. చిన్నాయన లేచి, అక్షరాలు పేర్చి కట్టిన పేజీల తాళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. నెల్లాళ్ళ పని అది. నేను చెయ్యి అడ్డం పెట్టబోతే, "గలతీ నీదొక్కదానిదే గాదు, సద్వకుండ పేర్చిన నాది గూడ" అన్నాడు.

మళ్ళీ మొదలైంది. కూలి పని లేని రోజుల్లో ఆమె వచ్చి ఒక్కో చరణం పాడేది. నేను రాయడం, ఆయన పేర్చడం. అప్పుడు తెలిసింది ఆ భాషకు 'గ'లు ఎన్ని కావాలో. గిట్ల, గట్ల, గాడ, గీడ అంటూ రెండు పేజీలకే గడి ఖాళీ. చిన్నాయన తల గోక్కుని కన్నడ పెట్టెలోంచి 'గ'లు తీసి పేర్చాడు. నెత్తిన తలకట్టు బదులు అడ్డగీత, అంతే తేడా. అవీ అయిపోతే నాలుగు పేజీలు అచ్చువేసి, విప్పి, మళ్ళీ అవే అక్షరాలతో తర్వాతి నాలుగు. పుస్తకం అయ్యేసరికి వానలు వెనక్కి పోయి పత్తి తీతలు వచ్చాయి.

హైదరాబాదు పుస్తకాల దుకాణానికి పంపిన కట్ట ఒక్క ప్రతీ అమ్ముడుపోకుండానే తిరిగొచ్చింది, భాష శుద్ధంగా లేదని చీటీతో. పాటలమ్మకు అదేమీ పట్టలేదు. చిన్నాయన మొదటి ప్రతి చేతికిచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పి, అరచేతిలో పెట్టి బరువు చూసి, "నా ఏండ్లన్ని ఇంత సన్నదాంట్ల వట్టినయా కొడుకా?" అన్నది. అంతవరకూ ఆయన్ను అయ్యా అనే పిలిచేది. కూలికి పోయే ఆడవాళ్ళందరికీ తలా ఒకటి పంచింది. ఒక్కరికీ చదవడం రాదు, అయినా ఎవరూ వద్దనలేదు.

తర్వాత ఆఫ్‌సెట్టు వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి. శుభలేఖలు కూడా మా గడప తొక్కడం మానేశాయి. అక్షరాలన్నీ గోనె సంచుల్లో పాత సామాన్ల దుకాణానికి పోయిన రోజు చిన్నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ఆయనా లేడు, పాటలమ్మా లేదు. కొత్త పుస్తకానికి ఏ అక్షరమూ తక్కువ పడదు. ఎవరూ బస్సెక్కి రానక్కర్లేదు, ఎవరి ఎదుటా కూర్చుని విననక్కర్లేదు. అప్పుడు ఒక వానాకాలమంతా పట్టిన పనికి ఇప్పుడు ఒక్క మధ్యాహ్నం చాలు. అలా ఆదా అయిన ఆ నెలలు ఎవరి దగ్గర చేరాయో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.