చిన్న పిస్తోలు మీద కుంకుమ మరక

మొన్న శనివారం నా దగ్గరున్న నాలుగు చిన్న పిస్తోళ్లనూ పెట్టెల్లో సర్దుకుని, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న తుపాకుల షాపుకి తీసుకెళ్లాను. అమ్మేద్దామనే వెళ్లాను. వేళ్ల కీళ్లు వాచినప్పటి నుంచీ తూటా ఎక్కించడానికి వాటి పై భాగాన్ని వెనక్కి లాగడం నా వల్ల కావడం లేదు. పెద్ద పిస్తోలు కన్నా చిన్నదాన్ని లాగడమే కష్టమంటే చాలామంది నమ్మరు గాని, ఈ పాతకాలపు చిన్నవాటిలో స్ప్రింగు అంత బిగువుగా ఉంటుంది. లాగలేనివాడు దాన్ని దగ్గర ఉంచుకోకూడదని, నాకు ఇవన్నీ నేర్పిన మనిషే ఒకప్పుడు చెప్పాడు.

షాపు పెద్దాయన మూడింటిని చూసి తల ఊపాడు. నాలుగోదాన్ని మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో తిప్పితిప్పి చూశాడు. అది నల్లగా నిగనిగలాడే పాత ఉక్కు పిస్తోలు, తూటా సైజుని బట్టి థర్టీటూ అంటారు. దాని పక్కన కందిగింజంత ఎర్రటి తుప్పు మరక ఉంది. ఈ మచ్చ వల్ల విలువ సగం పడిపోయిందనీ, తనకి వారం రోజులిస్తే గీకి, మళ్లీ నల్లరంగు పట్టించి, మచ్చ ఉండేదని ఎవరికీ తెలియకుండా చేస్తాననీ అన్నాడు. నేను వద్దని దాన్ని తిరిగి పెట్టెలో పెట్టేసుకున్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ మరక సంగతి ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. తెలుగులోనైనా ఇదే మొదటిసారి చెబుతున్నాను.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మాట పడితే మరచిపోయే మనిషిని కాను నేను. మా ఆఫీసులో అందరికీ కిటికీ పక్క సీట్లిచ్చి నన్ను మాత్రం జిరాక్స్ మెషీన్ పక్కన కూర్చోబెట్టిన మేనేజరు ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఒకరింట్లో పూజకి వెళితే మిగతావాళ్లకి స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, మా దంపతులిద్దరికీ పేపరు కప్పుల్లో ఇచ్చారు. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. గ్లాసులు సరిపోక అలా ఇచ్చి ఉంటారని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నేను వినలేదు.

రెండువేల ఒకటిలో, ఆ సెప్టెంబరు గడిచిన కొత్తల్లో, ఒక సాయంత్రం కారులో పెట్రోలు పోసుకుంటుంటే పక్క పంపు దగ్గర పికప్ ట్రక్కువాడు నా గడ్డం చూసి, మీ దేశం మీరు పొండని అరిచి నా బూట్ల మీద ఉమ్మేశాడు. చుట్టూ నలుగురున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి గడ్డం తీసేశాను. గడ్డం తీసినందుకు నా మీద నాకే వచ్చిన కోపం మాత్రం చాలా ఏళ్లు పోలేదు.

ఆ సంగతి విని మర్నాడే మా ఇంటికి వచ్చినవాడు మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. నాకన్నా ఆరేళ్లు పెద్ద, నేను అన్నయ్య అని పిలిచేవాణ్ణి. టెక్సాస్‌లో మాకన్నా ముందు నుంచీ ఉన్నవాడు. నన్ను ఓదార్చలేదు, సలహాలూ ఇవ్వలేదు. కారెక్కమని తుపాకులు కాల్చడం నేర్పే రేంజ్‌కి తీసుకెళ్లాడు. అప్పటికే నాకు గ్రీన్ కార్డు ఉండటం వల్ల కొనుక్కోవడానికి అడ్డులేకపోయింది. తరువాత ఇద్దరం కలిసి రోజంతా క్లాసులో కూర్చుని, జేబులో పెట్టుకు తిరిగేందుకు లైసెన్సు తెచ్చుకున్నాం. ఆ పరీక్షకి థర్టీటూ కన్నా చిన్నది పనికిరాదన్నారు. నేను పట్టుబట్టి సరిగ్గా ఆ థర్టీటూతోనే కాల్చి పాసయ్యాను.

అక్కడి నుంచి అయిదేళ్లపాటు మా శనివారాలు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పొద్దున్నే వాళ్లింట్లో వదిన పోసిన పెసరట్లు తిని, ఊరూరా జరిగే తుపాకుల ప్రదర్శనలకి వెళ్లేవాళ్లం. పెద్ద రైఫిళ్ల బల్లల వైపు చూసేవాళ్లం కాదు. అరచేతిలో పట్టే చిన్నవాటి దగ్గరే మా వాదన. తుపాకి అనేది మోయడానికేనని ఆయన పంతం. ఆయన దగ్గర ప్లాస్టిక్ పిడి ఉన్న త్రీఎయిటీ ఒకటుండేది, ప్యాంటు జేబులో పర్సంత తేలిక. బరువు లేనిది చేతిలో నిలవదని నేననేవాణ్ణి. నిజంగానే అది పేల్చినప్పుడల్లా బొటనవేలి మొదట్లో చెంపదెబ్బ కొట్టినట్టుండేది. ట్వంటీటూకి తూటాలు చవక గాని అప్పుడప్పుడు పేలవు, ట్వంటీఫైవ్ నమ్మకంగా పేలుతుంది గాని దెబ్బలో బలం లేదు, అందుకే ఈ రెండింటికీ పైనున్న థర్టీటూ మర్యాదస్తుడి పిస్తోలని నా సిద్ధాంతం. పైన చెక్కిన నంబరూ కింది నంబరూ ఒకటేనా, పాత పెట్టె ఉందా, నలుపు అసలుదేనా అని నేను భూతద్దం పెట్టి వెతుకుతుంటే, ఆయన పక్కన నిలబడి నవ్వేవాడు.

"నువ్వు తుపాకి కొంటున్నావా, పెళ్లిచూపులకొచ్చావా తమ్ముడూ?"

టెక్సాస్ ఎండల్లో జేబులో పెట్టుకు తిరిగితే చెమటకి ఉక్కు తుప్పు పడుతుంది. అందుకని నేను నా థర్టీటూని రోజూ సాయంత్రం నూనె గుడ్డతో తుడిచేవాణ్ణి. గుడికి వెళ్లినప్పుడు ఇద్దరం వాటిని కారులోనే తాళం వేసి పెట్టి లోపలికి వెళ్లేవాళ్లం. ఆ అయిదేళ్లలో గాని, ఆ తరువాత గాని, దాన్ని మనిషి ముందు బయటికి తీయవలసిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకు ధైర్యం ఇచ్చింది పిస్తోలు కాదు, పక్కన నడిచిన మనిషి. అది తెలియడానికి చాలాకాలం పట్టింది.

రెండువేల ఆరు దసరాకి వాళ్లు కొత్త ఇల్లు కొన్న సందర్భంగా ఆయుధపూజ పెట్టుకుని నలభైమందిని పిలిచారు. అంతకు ముందువారం కారులో వస్తుంటే, అందరూ లాప్‌టాప్‌లూ కారు తాళాలూ పెడతారు, అసలైన ఆయుధాలున్నది మన దగ్గరే కదా, మనవీ పెట్టేద్దామని ఆయనే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నిజమనుకున్నాను. పండగనాడు పొద్దున్నే నా థర్టీటూని తూటాలుండే మ్యాగజైన్ తీసేసి, లోపల ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తుడిచి, పట్టుగుడ్డలో చుట్టి పట్టుకెళ్లాను. పీట మీద లాప్‌టాప్‌లూ, ఎవరిదో స్టెతస్కోపూ, వదిన కుట్టుమిషనూ, పిల్లల కాల్‌క్యులేటర్లూ ఉన్నాయి. వాటి మధ్య పెట్టి, గరాజ్‌లోంచి కుర్చీలు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దానికి గంధం పూసి, కుంకుమబొట్టు పెట్టి, పక్కన బంతిపువ్వు పెట్టి ఉంది. పంతులుగారు పెట్టారనుకున్నాను. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఇంతలో అతిథులు వచ్చారు. ఒకావిడ పీట వైపు చూసి, తన పిల్లవాణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. వచ్చినవాళ్లలో తోడల్లుడి ఆఫీసు పెద్దలు కూడా ఉన్నారు. అన్నయ్య ముందుకొచ్చి, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఎవరిదిది? ఇంట్లో పిల్లలున్నారన్న సెన్స్ ఉండక్కర్లేదా?"

ఎవరిదో ఆయనకి తెలియదా? దాన్ని నేను కొన్ననాడు పక్కనున్నవాడు ఆయనే. ఆ ప్రశ్న అడుగుతున్న క్షణంలో ఆయన కుర్తా కింద కుడిజేబులో త్రీఎయిటీ ఉందని నాకు తెలుసు, ఆ జేబు వేలాడే తీరు నాకు అలవాటే. పిల్లలున్నచోట అలా పెట్టడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. పక్కకి పిలిచి చెబితే ఆ పూటే ఒప్పుకునేవాణ్ణి. ఆయన దాన్ని వంటింటి పాత తువ్వాలులో చుట్టి గరాజ్‌లో ఫ్రిజ్ మీద పెట్టి వచ్చి చేతులు కడుక్కున్నాడు. చేతులు కడుక్కోవడం నేను చూశాను. దాన్ని తీసుకుని, భోజనం చేయకుండా, మా ఆవిణ్ణి కూడా చేయనివ్వకుండా వచ్చేశాను. గుమ్మందాకా వదిన వెంట వచ్చి ఏదో అంటుంటే వినిపించుకోలేదు.

ఆ కోపంలో పిస్తోలుని తుడవకుండా, తడి గంధంతోనే సొరుగులో పడేశాను. నెలరోజుల తరువాత తీసి చూస్తే బొట్టు ఉన్నచోట నలుపు పోయి తుప్పు పట్టింది. తుడిస్తే పోలేదు. పోగొట్టే ప్రయత్నం కూడా నేను చేయలేదు. ఉండనీ అనుకున్నాను. ఎప్పుడైనా మనసు మెత్తబడితే సొరుగు తీసి ఆ మచ్చ చూసుకునేవాణ్ణి, కోపం మళ్లీ వచ్చేది.

ఆయన ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. రెండేళ్లకి వాళ్లు ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వెళ్లిపోయారు. వెళ్లేముందు వదిన వచ్చి మా ఆవిడతో గంటసేపు కూర్చుంది, నేను ఆఫీసులోనే ఉండిపోయాను. ఆ తరువాత అక్కచెల్లెళ్ల ఫోన్ మాటలన్నీ ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కారులోనే జరిగేవి. కూరలు తేవడానికి గంటన్నర ఎందుకు పడుతోందో నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి. అదే నా పెద్ద మనసు అనుకునేవాణ్ణి.

తరువాత వదినకి క్యాన్సర్ అని తెలిసింది. మా ఆవిడ రెండుసార్లు ఫ్రీమాంట్ వెళ్లింది. రెండుసార్లూ ఎయిర్‌పోర్టులో దింపి వెనక్కి వచ్చేశాను. ఒకరోజు ఇంటి ఫోన్ మోగితే నేనే తీశాను. అవతల వదిన, గొంతు సగమైపోయింది.

"మరిదీ, ఒక్కసారి రాకూడదా? మీ అన్నయ్యతో మాట్లాడక్కర్లేదు, నాతో మాట్లాడిపో."

నేను ఏమన్నానో అక్షరం మరచిపోలేదు. అన్నయ్యని ఒక్క ఫోన్ చెయ్యమను వదినా, మర్నాడే ఫ్లైట్ ఎక్కుతాను అన్నాను. ఆవిడ సరే నాన్నా, చెబుతాలే అని, చెల్లెలికి ఫోన్ ఇమ్మంది. నేను ఆ ఫోన్ కోసం నిజంగా ఎదురుచూశాను. రాలేదు. సరిగ్గా అయిదు వారాలకి మా ఆవిణ్ణి పట్టుకుని నేనే ఫ్లైట్ ఎక్కాను, చూడవలసిన మనిషి లేని ఇంటికి.

దహనం అయ్యాక, ఫ్యూనరల్ హోమ్ బయట బెంచీ మీద ఆయన ఒక్కడూ కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. పక్కన కూర్చున్నాను. ఆ థర్టీటూ ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఆ మరక కూడా అలాగే ఉందని కావాలనే చెప్పాను. అలాంటి చోట కూడా నా బుద్ధి అలాంటిది. ఆయనకి కోపం రాలేదు.

"ఆ బొట్టు పెట్టింది పంతులనుకున్నావా? మీ వదిన. నేను వద్దే అంటుంటే కూడా పెట్టింది. మరిది దాన్ని పసిపిల్లలా చూసుకుంటాడు, బొట్టు లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు అంది. నువ్వెళ్లిపోయాక నాతో మూడు రోజులు మాట్లాడలేదు తెలుసా."

ఆమె నాకు పెట్టిన బొట్టునే అవమానానికి గుర్తుగా అయిదేళ్లపాటు దాచుకున్నానన్నమాట. ఫోన్ సంగతి ఆమె ఆయనకి చెప్పిందో లేదో నేను అడగలేదు. చెప్పినా చేయలేదంటే ఒక బాధ, చెప్పకుండానే వెళ్లిపోయిందంటే అంతకన్నా పెద్ద బాధ. ఇప్పటికీ అడగలేదు.

ఆయన ఇంకా ఫ్రీమాంట్‌లోనే ఒంటరిగా ఉన్నాడు. ఆ రాష్ట్రంలో జేబులో పెట్టుకు తిరిగే పర్మిట్ రావడం కష్టమని తన త్రీఎయిటీని ఎప్పుడో అమ్మేశాడట. శనివారాలు ఫోన్ చేసుకుంటుంటాం, ఒకసారి ఆయన, ఒకసారి నేను. ఆ రోజు అన్న మాటకి ఆయన క్షమాపణ చెప్పలేదు, నేనూ దాన్ని మరచిపోలేదు. నా స్వభావం మారుతుందని ఈ వయసులో ఎవరికీ ఆశలేదు. అక్కడి వానల గురించీ ఇక్కడి ఎండల గురించీ మాట్లాడుకుంటాం. త్రీఎయిటీ గొప్పదా థర్టీటూ గొప్పదా అని వాదించుకోవడానికి ఇద్దరికీ ఓపిక లేదు. ఆ ప్రదర్శనలకి వెళ్లే దారిలో అప్పుడు గడ్డిమైదానాలుండేవి, ఇప్పుడు అన్నీ ఇళ్లే, అందులో సగం మనవాళ్లవే. ఈ రోజుల్లో పెట్రోలు పోసుకుంటుంటే పక్క పంపు దగ్గర తెలుగు వినబడుతుంది. అప్పట్లో అలా ఒక్క గొంతు వినబడి ఉంటే నాకు పిస్తోలు అక్కరలేకపోయేదేమో. కాని అప్పుడు నాకు అన్నయ్యా దొరికేవాడు కాదేమో.

షాపు నుంచి ఇంటికొచ్చి, మూడే అమ్మానని చెప్పి నాలుగోదాన్ని బల్ల మీద పెట్టాను. మా ఆవిడ పమిట చెంగుతో దాని మీద దుమ్ము తుడిచింది, మరక ఉన్నచోట మాత్రం తుడవలేదు. మా ఇంట్లో ఇప్పుడు దసరా అంటే మేమిద్దరమే. మా అమ్మాయి వదిలి వెళ్లిన పాత లాప్‌టాప్, నా కారు తాళాలు, వదిన ఫ్రీమాంట్ వెళ్తూ ఇచ్చిన కుట్టుమిషను, ఆ థర్టీటూ పీట మీద పెట్టి అన్నింటికీ ఆవిడే బొట్టు పెడుతుంది. థర్టీటూ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. మొదటి ఏడు నేను ఎందుకని అడిగాను.

"అక్క పెట్టింది ఉందిగా," అంది.