చదువు రాదని కళ్లద్దాలు ఇవ్వలేదు

నా పేరు వెంకటమ్మ. వయసు అరవై ఎనిమిది. నిమ్మనపల్లెలో కొడుకు, కోడలితో ఉంటాను. నేను చెబుతుంటే కోడలు కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి ఈ కళ్లద్దాల సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెడుతోంది.

విదేశాల్లో స్థిరపడిన మన ఊళ్లవాళ్ల సంఘం ఈ రోజు ఇక్కడి బడిలో ఉచితంగా కళ్లద్దాలు ఇచ్చింది. మదనపల్లె మండీలో టమోటాలు ఏరడం నా పని. ఈ మధ్య మచ్చలు కనబడక కుళ్లిన కాయల్ని మంచి వాటిలో వేస్తున్నాను. ఇంకోసారి వేస్తే పనికి రావద్దన్నాడు మేస్త్రీ. అందుకే పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడ్డాను.

అద్దాలిచ్చే అమ్మాయి అక్షరాల అట్ట ముందు పెట్టి చదవమంది.

"నాకు సదువు రాదు తల్లీ."

"అట్లయితే నీకు అద్దాలు యాల అవ్వా? ఇవి సదువుకునేదానికి ఇచ్చేటివి."

"ఏందమ్మా, సదువు రానోళ్లకి కండ్లు ఉండవా? ఒక టమోటా తెచ్చి నా చేతికియ్యి. మచ్చ యాడుండాదో సెప్పలేకపోతే అప్పుడియ్యి అద్దాలు!"

వరుసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం 'అవసరం లేదు' అని రాసుకుని నన్ను పంపేసింది.

డబ్బు పంపిన అయ్యలారా, అమ్మలారా, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా? వచ్చేసారి ఆ అట్ట పక్కన ఒక బుట్ట టమోటాలు కూడా పెట్టించండి.

సాక్షులు: వరుసలో నా వెనకే ఉన్న మునెప్ప, పక్కింటి రెడ్డెమ్మ. కింద ఉన్నది నా వేలిముద్ర. గీత దాటి పడిందని కోడలు అంటోంది. గీత కనబడితే కదా!