తలకిందులుగా పడ్డ కత్తుల రాణి

ఆసుపత్రిలో ఆవిడ వెనకాల అందరూ ఆవిడను భూతద్దం అనేవారు. ఆవిడ దుప్పట్ల గదికి ఇన్‌చార్జి. నేలమాళిగలో లాండ్రీని ఆనుకుని ఉన్న, కిటికీ లేని పొడుగాటి గది అది. మూడు గోడలకూ ఇనుప అరలు, మధ్యలో రేకు పరిచిన బల్ల. ఉతికి ఇస్త్రీ అయి వచ్చిన ప్రతి దుప్పటినీ ఆ బల్ల మీద పరిచి, లైటు కిందికి లాగి చూసేది. సూది మొనంత మరక కనబడినా వెనక్కి విసిరేది.

"దీన్ని ఉతికారా, నీళ్లకి పరిచయం చేశారా?" అనేది.

లాండ్రీ మేస్త్రీ ఆవిడకంటే పదేళ్లు పెద్ద. ఆయన కూడా గుమ్మంలో నిలబడి మాట్లాడేవాడే తప్ప లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

ఆవిడ ముప్పై నాలుగో ఏట, భర్త అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో పోయాడు. ఆయన కింద పరిచిన దుప్పటికి ఇంకెవరిదో పాత నెత్తుటి మరక ఉంది. ఆ సంగతి కొడుక్కి ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడాదే అక్కడ పనిలో చేరింది. ఇరవై రెండేళ్లుగా ఆ గదిని ఎవరి చేతికీ వదల్లేదు.

కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. పాతిక అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడతాడు గానీ, ఇంట్లో తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడమంటే కాళ్లు వణుకుతాయి. కోడలు ఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. ఎనిమిది గంటలసేపు ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత తిట్లు తింటూ "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని తేనె పూసినట్టు మాట్లాడి, ఇంటికొచ్చాక నోరు విప్పేది కాదు.

పెళ్లయి మూడేళ్లు. ఆ మూడేళ్లూ కోడలు మడతపెట్టిన ప్రతి తువ్వాలునూ అత్తగారు విప్పి మళ్లీ మడతపెట్టింది. కోడలు కడిగిన గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి చూసింది. కోడలు ఏమీ అనేది కాదు. కొడుకు అంతా చూస్తూనే ఉండేవాడు, కానీ చెప్పుల కోసం వెతుక్కునేవాడు.

ఒక సాయంత్రం తువ్వాలు దగ్గరే గొడవ మొదలైంది. కోడలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అది చూసి అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"ఏం, నోట్లోంచి ముత్యాలు రాలతాయా? నేను మాట్లాడుతుంటే తలుపు వేసుకోవడమేంటి?"

"వదిలెయ్యమ్మా! ఇలా ఉంటావు కాబట్టే ఆ కార్డులావిడ కత్తుల రాణి అంది" అన్నాడు కొడుకు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఎవరు? ఎవర్ని అంది?"

కొడుకు నీళ్లు నమిలాడు. ఆవిడ వదల్లేదు. కోడలు ఎవరో టారో కార్డులు చూసి జోస్యం చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లిందని, అక్కడ కత్తుల రాణి అనే కార్డు తలకిందులుగా పడిందని, దానికి కర్కశమైన ఆడది, నోటితో మనుషుల్ని కోసేది అని అర్థం చెప్పారని, ఇంటికొచ్చి తన పెళ్లాం "అచ్చం మీ అమ్మే" అందని కక్కేశాడు. అంతవరకే అతనికి తెలుసు.

మరుసటి ఆదివారం ఉదయం ఆవిడ అక్కడికి వెళ్లింది.

కళ్లద్దాల దుకాణం మీద గది. ఇరుకు మెట్లు. లోపల ఊదారంగు గుడ్డ పరిచిన చిన్న బల్ల, చెరో పక్కా ప్లాస్టిక్ కుర్చీ, కీచుమంటున్న పంఖా. కార్డులు చూసే ఆవిడ లెక్కల టీచరుగా పనిచేసి మానేసిన మనిషి. అందుకే అందరూ కార్డుల టీచరు అంటారు. పల్చటి మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు.

"కూర్చోండి. ఏం తెలుసుకోవాలి?"

"కత్తుల రాణిని చూపించండి."

"అలా కార్డు కోరుకోవడం ఉండదండీ. కలిపి, మీరు తియ్యాలి."

"నన్ను మీరు తీసేశారుగా, నేను లేకుండానే. చూపించండి."

టీచరుకు అప్పటికి సంగతి అర్థమైంది. "ఒకళ్లు అడిగింది ఇంకొకళ్లకి చెప్పను" అంది.

"నా విషయం నాకు చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది?"

"మీ విషయమని ఎవరన్నారు?"

ఆ మాటను ఆవిడ చెవిన వేసుకోలేదు. బల్ల మీది కార్డుల కట్టను తనే లాక్కుని ఒక్కొక్కటే తిరగేసింది. బొమ్మ కనబడగానే ఆగింది. మబ్బుల ముందు సింహాసనం మీద పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి. కుడి చేతిలో నిటారుగా కత్తి. ఎడమ చెయ్యి ముందుకి చాచి ఉంది. మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు.

"ఇది తలకిందులుగా పడిందా?"

"అవును."

"ఎవరి వైపు నుంచి?"

టీచరు చెదిరిన కార్డులు సర్దబోయింది.

"అడుగుతున్నా. మా కోడలు ఈ కుర్చీలో కూర్చుంది, మీరు ఆ కుర్చీలో. మీకు తలకిందులైతే దానికి తిన్నగానే కనబడుతుందిగా?"

"కార్డులు చెప్పేవాళ్ల వైపు నుంచే లెక్క. అది పద్ధతి."

"ఎవరు పెట్టారు ఈ పద్ధతి? కుర్చీ మారితే మనిషి మారిపోతుందా?" గొంతు లేచేసరికి 'మీరు' కాస్తా జారిపోయింది. "తిన్నగా పడితే అర్థమేంటో చెప్పు!"

టీచరు కళ్లద్దాలు పైకి తోసుకుంది. క్లాసులో లెక్క చెప్పినట్టు చెప్పింది. "తిన్నగా పడితే తెలివైన మనిషి. కష్టం చూసిన మనిషి. భర్త పోయినవాళ్లకి కూడా ఈ కార్డు పడుతుందంటారు. మొహమాటానికి అబద్ధం చెప్పదు. అటూ ఇటూ చూసి న్యాయంగా తేలుస్తుంది. ఆ చెయ్యి చూడండి, ఎదుటివాళ్లని దగ్గరికి రమ్మంటోంది."

"రమ్మనడం కాదు. అక్కడే ఆగమంటోంది."

"అలా కూడా చెప్పుకోవచ్చు."

"ఎలాగైనా చెప్పుకోవచ్చంటే మరి మధ్యలో నువ్వెందుకు?"

టీచరు మొహం కందగడ్డలా అయింది. లేచి కార్డులు లాక్కుని, "మెట్లు అటున్నాయి" అంది.

ఆవిడ దిగి వచ్చేసింది. దారంతా కార్డుల టీచరుకు చెప్పాల్సినవి, చెప్పడం మర్చిపోయినవి, పైకే అనుకుంటూ నడిచింది. ఇల్లు చేరేసరికి కోడలు వంటగది గట్టు తుడుస్తోంది. కొడుకు డ్యూటీకి వెళ్లాడు.

"నీ టీచరు దగ్గరికే వెళ్లొచ్చాను. నువ్వు కూర్చున్న కుర్చీలోంచి చూస్తే ఆ కార్డు తిన్నగానే ఉందట! నా గురించి నీకు తప్పు చెప్పింది."

కోడలు గుడ్డ పిండి ఆరేసింది. వెనక్కి తిరిగింది.

"ఆ కార్డు మీది కాదు అత్తయ్యా. నాది."

"ఏంటి?"

"నేను మీ గురించి అడగలేదు. ఇలాగే ఉంటే ఐదేళ్లకి నేనెలా అవుతానని అడిగాను. అప్పుడు పడింది."

కోడలు ఇక ఆగలేదు. మూడేళ్ల మాటలన్నీ ఒకేసారి బయటికి వచ్చేశాయి.

"ఆ రోజు ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక ఫిర్యాదు తప్పుగా రాసింది. అందరి ముందూ నేనేమన్నానో తెలుసా? 'చేతులున్నాయా, అలంకారానికి తగిలించుకున్నావా?' అన్నాను. అది నా మాట కాదు. పెళ్లయిన మొదటి నెలలో మీరు నన్నన్న మాట. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. ఆ అమ్మాయి బాత్రూములో కూర్చుని గంటసేపు ఏడ్చింది."

"మరి పని నేర్చుకుందా?"

"మానేసింది."

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఎవరూ కట్టెయ్యలేదు.

"అంటే నాలా అయిపోతానని నీ భయం" అంది అత్తగారు. "నాలా అవడం అంత రోగమా? నేనెవరి సొమ్మైనా తిన్నానా? ఎవరికైనా మురికి దుప్పటి వేశానా?"

"లేదు. మీరు ఏ రోజూ తప్పు చెయ్యలేదు. ఒక్కటి చెప్పండి. అక్కడ మీతో కలిసి భోజనానికి ఎవరు కూర్చుంటారు?"

అత్తగారు నోరు తెరిచింది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆ రేకు బల్ల దగ్గర గోడకేసి తిరిగి కూర్చుని తింటోంది. తన గదిలో శుభ్రం ఉంటుందని, పైన క్యాంటీన్లో ఉండదని ఇంట్లోనూ బయటా అందరికీ చెప్పేది. ఇప్పుడూ అదే చెప్పబోయింది. "నీకు అనవసరం" అని మాత్రం అని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

వాళ్లిద్దరూ ఆరు వారాలు మాట్లాడుకోలేదు. ఉప్పు డబ్బా కావాలన్నా కొడుకు ద్వారానే నడిచింది. ఆరో వారం చివర కొడుకు వచ్చి, తన పనికి దగ్గరలో ఇల్లు దొరికిందన్నాడు.

"దొరికిందా, వెతికారా?" అంది తల్లి.

"వెతికామమ్మా."

వద్దనలేదు. మంచిదనీ అనలేదు. సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు వాకిట్లో నిలబడి, "ఆ అద్దాన్ని అలా పడుకోబెడితే పగులుతుంది" అని కూలీల మీద అరిచింది. అరిచింది నిజమే, అద్దం పగలలేదన్నదీ నిజమే. కోడలు వెళ్తూ వెళ్తూ కాళ్లకు దండం పెట్టబోతే, "చాల్లే" అని వెనక్కి జరిగింది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా కొడుకింటికి వెళ్లింది. గుమ్మంలోకి అడుగు పెడుతూనే కిటికీ తెరల వంక చూసింది.

"ఈ తెరలు కొన్నప్పుడు కళ్లు ఇంట్లో మర్చిపోయి వెళ్లావా?"

కొడుకు చెప్పుల కోసం చూశాడు. కోడలు మాత్రం ఈసారి గదిలోకి వెళ్లలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా కిటికీ, నా తెర. నచ్చకపోతే ఆ గోడ వైపు తిరిగి కూర్చోండి, మీకు అలవాటేగా!"

అత్తగారికి ఒళ్లు మండిపోయింది. తిట్టింది. కోడలు తిరిగి తిట్టింది. తెరల నుంచి తువ్వాళ్లకి, తువ్వాళ్ల నుంచి పెళ్లి నాటి సంగతులకి వెళ్లారు. కొడుకు డాబా ఎక్కి గంటసేపు దిగలేదు. దిగి వచ్చేసరికి ఇద్దరూ బల్లకి చెరో వైపు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా అన్నం తింటున్నారు. మధ్యలో కోడలు, "కూర వేసుకోండి, మళ్లీ పెట్టలేదంటారు" అంది. ఆవిడ వేసుకుంది.

వెళ్లేటప్పుడు కోడలు గేటు దాకా వచ్చింది.

"ఈసారి ఫోన్ చేసి రండి."

"చేస్తే నువ్వు ఇంట్లో ఉండవుగా."

"ఉంటాను. మీకు తిరిగి చెప్పాల్సినవి చాలా మిగిలాయి."

ఆ పై ఆదివారం ఆవిడ ఫోన్ చేసింది. కోడలు ఇంట్లోనే ఉంది.