రాహుకాలంలో న్యూట్రినో వేట

మొన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. ఎక్కడో ఒక నక్షత్రం పేలిందనీ, ఆ దిక్కు నుంచి న్యూట్రినోలేవీ రాలేదనీ కబురు. పేలుడు పసిగట్టిందీ, వెతికిందీ, కబురు పంపిందీ అన్నీ యంత్రాలే. నా చేతిలోని కాయ ఇంకా చేతిలోనే ఉంది. నవ్వొచ్చింది, ఆ వెంటే మా అత్తగారు గుర్తొచ్చారు.

రెండువేల దశకం తొలి సంవత్సరాల్లో నేను తిరుపతిలో పరిశోధన చేసేదాన్ని. న్యూట్రినోలంటే భూమిలోంచి కూడా దూసుకుపోయే కణాలు. ఏ దూరదేశంలోనో మంచు లోతుల్లో పాతిన పరికరాలకు ఎప్పుడో ఒకటి చిక్కేది, ఆ వివరాలు మాకు ఇంటర్నెట్టులో అందేవి. నక్షత్రం పేలినప్పుడు అటునుంచి న్యూట్రినో వచ్చిందేమో చూసి, ఆ వెలుగు ఆరిపోకముందే చెప్పాలి.

ఆ పని మొదటిసారి నా ఒక్కదానికే అప్పగించింది ఒక ఆదివారం సాయంత్రం. చీకటి పడేలోగా నా జవాబు అందితేనే పొరుగు రాష్ట్రంలో కొండమీది టెలిస్కోపును అటు తిప్పాలో వద్దో తేల్చుకుంటారని మా గైడు ఫోనులో చెప్పారు. ఆలస్యమైతే ఇలాంటి పని మళ్ళీ నా చేతికి రాదని నాకు తెలుసు. యూనివర్సిటీకి సెలవు, ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తాలి. తీరా చూస్తే రాహుకాలం! ఐరాల నుంచి వచ్చిన మా అత్తగారు ఆ వేళలో పాలప్యాకెట్టుకైనా గడప దాటనిచ్చేవారు కాదు.

ఏడుపొక్కటే తక్కువగా అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, ఇంతకీ ఆ చుక్క పేలిందెప్పుడని అడిగారు. బహుశా భూమి పుట్టకముందే, వెలుగు మాత్రం ఇప్పుడు చేరిందన్నాను. ఆవిడ తేల్చేశారు.

“అయితే పని అప్పుడే మొదలయ్యిండాది గదమ్మణ్ణీ. మధ్యలో లేసిపొయ్యేదానికి రాహుకాలం యాడ అడ్డమొస్తాది? పో, బిన్నా పో.”

ఆవిడ ‘బిన్నా’ అన్నంత త్వరగానూ పరుగెత్తాను. అప్పటి ఇంటర్నెట్టు కీచుమంటూ తగులుకోవడానికి ఎంత సతాయించేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. చివరికి దొరికింది శూన్యం, ఒక్క న్యూట్రినో కూడా లేదు. ఆ మాటే పొద్దుగూకకముందే పంపాను. నీరసంగా ఇల్లు చేరి, ఏమీ కనిపించలేదని చెబితే, ఆ సంగతి అందరికన్నా ముందు చెప్పింది మనమేనా అని ఆవిడ అడిగారు. అవునన్నాను. ఆ రాత్రి మాకు పాయసం.

ఇప్పుడు రెప్పపాటులో జవాబు వస్తోంది, మంచిదే, సంతోషమే. యంత్రానికి రాహుకాలం పట్టింపు లేదు. కానీ అది బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చి, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడే మనిషి కూడా లేదు.