ఆకుపచ్చ చుక్క బల్లి

నాకు బల్లి అంటే చచ్చేంత భయం. పామును చూసినా అంత అదిరిపడను. చిన్నప్పుడు మా ఇంట్లో ఎసట్లో బల్లి పడిందని అన్నమంతా పారబోశారు. ఆ తర్వాత ఎన్నేళ్లో మూత పెట్టని గిన్నెలో గరిటె పెట్టడానికి ఒళ్లు జలదరించేది. హ్యూస్టన్ శివార్లలో ఇల్లు కొన్నప్పుడు ఇక్కడ ఆ బెడద ఉండదనుకున్నాను. మొదటి వేసవిలోనే పాటియో లైటు చుట్టూ నాలుగు చేరాయి.

పోయిన వేసవిలో మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తూ ఆ బల్లుల మీదే ప్రాజెక్టు పెట్టుకొచ్చింది. బయాలజీ చదువుతోంది. ఇవి ఇక్కడివి కావట. గ్రీసు, టర్కీ, లెబనాన్ తీరాల్లో రాళ్ల సందుల్లో బతికేవట. ఎప్పుడో ఓడల్లో సరుకుతోపాటు దిగాయట. అంత దూరం నుంచి వచ్చి నా గోడే దొరికిందా అని విసుక్కున్నాను. తను నవ్వలేదు. పదకొండింటిని పట్టి, ఒక్కొక్క దాని వీపు మీద ఒక్కో రంగు చుక్క పెట్టింది. పగలు అవి గోడ అడుగున, గాలాడటానికి ఇటుకల మధ్య వదిలిన సన్నటి సందుల్లో దాక్కుంటాయి. పొద్దుగూకాక ఏది వచ్చింది, ఏది రాలేదు అని తను రాసుకోవాలి. ఆగస్టు దాకా ఒక్క రోజు కూడా తప్పకుండా సాగితే ప్రొఫెసర్ తన ల్యాబ్‌లో చోటిస్తానన్నారు. దానికోసం స్నేహితులతో వెళ్లాల్సిన బీచ్ ట్రిప్ కూడా మానుకుంది.

ఆకుపచ్చ చుక్కదానికి తోక తెగి మొండిగా మళ్లీ మొలిచింది. అది వంటింటి కిటికీ అద్దానికి పొట్ట ఆనించి కూర్చునేది. చూసినప్పుడల్లా తిట్టేదాన్ని. రాని రోజున ఏమైందా అని వెతికేదాన్ని కూడా. ఈ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

జులైలో ఒక శనివారం సాయంత్రం పాటియోలో పదిహేనుమందికి భోజనాలు పెట్టుకున్నాను. శుక్రవారం నుంచే కాలు ఒకచోట నిలవలేదు. పప్పుచారులో బల్లి పడ్డట్టూ, మరునాటికల్లా తెలిసిన తెలుగువాళ్లందరూ చెప్పుకుంటున్నట్టూ ఒకటే ఊహలు. గోడ పొడుగునా కోడిగుడ్డు పెంకులు పెట్టాను, నెమలి ఈకలు కట్టాను. మా ఇళ్లలో బల్లులకు అదే మందు. అయినా మనసు కుదుటపడలేదు. శనివారం పొద్దున అమ్మాయి లైబ్రరీకి వెళ్లగానే గరాజ్‌లోంచి సీలెంట్ ట్యూబు తెచ్చి, పూలకుండీలు జరిపి, ఆ సందులన్నీ పూడ్చేశాను. లోపల అవి ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే పూడ్చాను. రేపు తీసేద్దాంలే అనుకుంటూ కుండీలు మళ్లీ అడ్డం పెట్టాను.

భోజనాలు బాగానే జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయేసరికి చీకటి పడుతోంది. అమ్మాయి నోట్‌బుక్కూ టార్చీ పట్టుకుని వచ్చి గోడంతా వెతికింది.

"మమ్మీ, ఒక్కటి కూడా రాలేదు. వాటికి ఏమైంది?" అంది.

"ఏమో, ఇంతమంది సందడికి బెదిరి ఎటో పోయుంటాయి," అన్నాను, ప్లేట్లు సర్దుతూ, తన మొహం చూడకుండా.

గోడ లోపలి నుంచి టిక్‌టిక్‌మని బల్లి పలికింది.

ఎవరైనా మాట అన్న వెంటనే బల్లి పలికితే ఆ మాట నిజమని మావాళ్ల నమ్మకం. అప్పుడు వేళ్లతో మూడుసార్లు తట్టి సత్యం అనాలి. నా చెయ్యి దానంతటదే టేబుల్ మీద మూడుసార్లు తట్టింది. సత్యం అనే మాట కూడా నోట్లోంచి వచ్చేసింది. ఆడిన అబద్ధానికి నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది.

"అది వాల్ లోపల ఉంది మమ్మీ," అంది అమ్మాయి నెమ్మదిగా.

కుర్చీలో కూలబడి అంతా చెప్పేశాను. తను అరవలేదు. అరిచినా బాగుండేది. లోపలికి వెళ్లి కత్తి తెచ్చి నా చేతికిచ్చి, టార్చి పట్టుకుంది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క సందే గీకాను. ఏదో చల్లగా నా మణికట్టు మీదుగా పాకింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పది బయటికి వచ్చాయి. ఆకుపచ్చ చుక్కది రాలేదు.

అమ్మాయి జరిగింది జరిగినట్టు ప్రొఫెసర్‌కి రాసింది. ఆ చోటు ఇంకొకరికి వెళ్లింది. వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేస్తానని నాతో అంది కానీ, రెండు వారాలు నాతో కలిసి భోంచేయలేదు. సెలవులు అయిపోయి కాలేజీకి వెళ్తూ నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"కనబడకపోతే బ్లాంక్ వదలకు మమ్మీ. జీరో పెట్టు."

ఇప్పుడు రోజూ పొద్దుగూకాక గోడ ముందు నేనే నిలబడుతున్నాను. ఆ మొండి తోక కోసం కిటికీ అద్దం దాకా వెతికి, ఆకుపచ్చ గడిలో సున్నా పెడతాను. పెట్టాక ఊపిరి బిగబట్టి కాసేపు అక్కడే ఉంటాను, ఏ బల్లీ ఆ సున్నాకు సత్యం పలకకూడదని కోరుకుంటూ.