పాలసీలో లేని వైద్యం

మా టీములో ఎవరైనా ఆలస్యంగా వస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఇస్త్రీ మడత నలగని కుర్తా వేసుకుని, పర్సనల్ పని అంటూ మాటిమాటికీ మధ్యాహ్నానికి చేరితే మాత్రం అందరికీ ఒకటే అనుమానం. వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లొస్తోందని. నేను వెళ్లొస్తున్నది కొండాపూర్‌లోని, పిల్లలు కలగడానికి వైద్యం చేసే ఆసుపత్రికి. అది నా భర్తకి, నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఆసుపత్రికి వచ్చే ఉద్యోగస్తులకు ఒక అలవాటు ఉంది. లిఫ్టు ఎక్కగానే మెడలోని ఐడీ కార్డు తీసి బ్యాగులో వేసేస్తారు. నేనూ అంతే. తర్వాత ఒక మూల కూర్చుని పుస్తకం తెరుస్తాను. చదివిన పేరానే మళ్లీ చదువుతాను.

మొదటిసారి ఐవీఎఫ్ ఫలించలేదు. ఇంకోసారి చేయించుకునే స్తోమత లేక, ప్రస్తుతానికి మందులతో, స్కాన్‌లతో నెట్టుకొస్తున్నాం. ఆఫీసు బీమాలో కాన్పుకు డబ్బిస్తారు, కాన్పుదాకా చేర్చే వైద్యానికి ఇవ్వరు.

"రెన్యువల్ దగ్గరికొస్తోంది కదా, మీ మేనేజర్ని అడుగు," అన్నారు మా ఆయన.

"ఆయన్నెలా అడగను?"

"నోటితోనే."

మర్నాడు లింగంపల్లి నుంచి ఆఫీసుకు షేర్ ఆటోలో వస్తూ దారి పొడవునా మర్యాదైన వాక్యాలు కూర్చుకున్నాను. చిన్న మీటింగ్ రూములో నేను కూర్చోకముందే మేనేజర్ అందుకున్నారు.

"చెప్పమ్మా, పేపర్ వేస్తున్నవా?"

మా దగ్గర పేపర్ వేయడమంటే రాజీనామా.

"లేదు సర్."

"టీమంతా అదే అంటున్నరు. వాళ్లు ఎంతిస్తమన్నరు? జర ఆగు, పైన నేను మాట్లాడుత. హైక్ సంగతి నాకిడిసిపెట్టు."

"హైక్ వద్దు సర్."

"మరేం గావాలె? వర్క్ ఫ్రమ్ హోమా?"

"ఇన్సూరెన్స్‌లో ఐవీఎఫ్ పెట్టించాలి సర్."

కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు, ఇదొక్కటే వచ్చింది. ఆయన నీళ్ల సీసా మూత తీశారు, తాగకుండానే మళ్లీ బిగించారు.

"అంటే, పొద్దుగాల నువ్వు పోయేది..."

"ఆసుపత్రికి సర్."

"నేనేమో నీ ప్లేసుల ఇంకొకల్లని చూడమని చెప్పిన," అన్నారు బల్లకేసి చూస్తూ. నాకంటే ఆయనే ఎక్కువ సిగ్గుపడుతున్నట్టనిపించింది. "ఇవన్నీ నాకు తెల్వదమ్మా. ఇగ హెచ్ఆర్ మేడం దగ్గరికి పోదాం, పా."

హెచ్ఆర్ మేడం ఓపికగానే విన్నారు. "బీమా వాళ్లు ముందడిగేది ఎంతమందికి కావాలనండి. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మీరొక్కరే అంటే పైన కుదరదంటారు. ఇంకొందరు అడిగితే రెన్యువల్‌లోపు నేను మాట్లాడగలను."

"ఎవరికి కావాలో నాకెలా తెలుస్తుంది మేడం?"

"నాకూ తెలియదు కదండీ."

బయటికి రాగానే మేనేజర్ సాయం చేయబోయారు. "టీమోళ్లందరికి ఒక మెయిల్ కొట్టనా?"

"వద్దు సర్!" కాఫీ మెషీన్ దగ్గరివాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అన్నానట.

తర్వాతి స్కాన్ రోజు ఆసుపత్రి లిఫ్టులో అలవాటుగా కార్డు తీసి బ్యాగులో వేశాను. హాల్లో ఒకావిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు దగ్గర ఐడీ కార్డు నీలం పట్టీ కొస ఇరుక్కుని కనిపించింది. మా కంపెనీదే. ఇంతకుముందూ అలాంటివి ఒకటి రెండు చూశాను, చూపు తిప్పుకున్నాను. ఈసారి పుస్తకం తెరవలేకపోయాను. లేచి నీళ్లు తాగాను. వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. చివరికి కార్డు తీసి మెడలో వేసుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆవిడ నా కార్డు చూసింది. తన పట్టీని లోపలికి తోసి జిప్పు లాగేసుకుంది. ముఖం అటు తిప్పుకుంది. లేచి వెళ్లిపోదామనుకుంటుండగా, తిరగకుండానే అడిగింది.

"ఏ ఫ్లోర్?"

"ఆరు. మీతో ఒక మాట చెప్పాలి."

"మెల్లగా."

హెచ్ఆర్ మేడం అన్నదంతా గుసగుసగా చెప్పాను. ఆవిడ టోకెన్ నంబర్లు మారే తెర మీంచి చూపు తిప్పకుండా వింది.

"నా పేరు కూడా చెప్పు," అంది. నాకేసి జరిగింది. "మా నాలుగో ఫ్లోర్ల ఒకామె ఇంటర్వ్యూలకు తిరుగుతుందంటున్నరు. ఆమెనూ అడగాల్నా?"