సునీల్ చుట్టిన కాయిల్

సిరోంచలో హెవీ మెటల్ సంగీతం వాయించే మనిషి ఒక్కతే ఉంది. పేరు స్వాతి. పగలంతా ఆన్‌లైన్ సెంటర్‌లో రైతులకు సాత్‌బారా అనే భూమి కాగితాలు తీసిచ్చే పిల్ల. సాయంత్రం ఇంటికొచ్చి గిటారు పట్టిందంటే వాడకట్టంతా చెవులు మూసుకోవాల్సిందే. పిండిగిర్నీలో రాయి పడ్డట్టుందని ఒకరంటారు, పెళ్లి చేస్తే అదే కుదురుతుందని ఇంకొకరంటారు. పెళ్లితో కుదరని జబ్బును మన ఊళ్లలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

గిటారు ఆమెది కాదు, అన్న సునీల్‌ది. అతను శంకరన్న దుకాణంలో మోటారు వైండింగ్ చేసేవాడు. కాలిపోయిన పొలం మోటార్లలో పాత తీగ పీకి కొత్తది చుట్టడం పని. మంచిర్యాలలో ఎవరో వాడి పడేసిన గిటారు కొనుక్కొచ్చాడు. దాని పికప్ చచ్చిపోయి ఉంది. పికప్ అంటే గిటారు తీగల కింద ఉండే చిన్న పెట్టె. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ. పైన తీగ అదిరితే ఆ అదురును పట్టి, శబ్దం పెంచే ఆంప్‌కు పంపుతుంది. ఇది చిన్న సైజు మోటారే కదా అని సునీల్ తన చేత్తోనే మళ్లీ చుట్టాడు. ఎన్ని చుట్లు పడితే అంత బలం అన్నది మోటారు పనివాళ్ల నమ్మకం. పట్టినంత చుట్టేశాడు. చుట్టాక వార్నిష్‌లో ముంచి వేడికి ఆరబెట్టాలి, లేకుంటే లోపలి తీగ వదులుగా అదురుతూ ఉంటుంది. అది అతనికి తెలియక కాదు. ముంచితే మళ్లీ విప్పలేం, ముందు ఎట్లా పలుకుతుందో చూద్దాం అనుకున్నాడు. ఆ వానాకాలమే ప్రాణహిత పొంగింది. ఒడ్డున ఉన్న తమ పొలం మోటారును పైకి లాగడానికి తెల్లవారుజామున పోయినవాడు, ఒడ్డు విరిగి నీళ్లలో కలిసిపోయాడు.

ఆ గిటారును ముట్టుకోవడానికి స్వాతికి చాలా కాలం పట్టింది. ముట్టుకున్న రోజు ఆంప్ సౌండ్ బాగా పెంచి, ఏం వాయించాలో తోచక కూర్చుంది. తల్లి రాజవ్వ గది లోపలికి వచ్చి, పక్కనే నిలబడి, అన్నం తింటావా అని అడిగింది. స్వాతి జవాబు చెప్పకముందే ఆంప్‌లోంచి అదే మాట బొంగురుగా, మగగొంతులా వచ్చింది. దాని వెనకే ఒక పొడుగాటి కూత. రాజవ్వ చేతిలోని గంటె కింద పడింది.

ఆ రోజు మొదలు, దీపం పెట్టగానే రాజవ్వ వచ్చి గిటారు ముందు కూర్చుంటుంది. స్వాతి ఆంప్ వేయాలి. నారు పోసిన సంగతి, గేదె ఈనిన సంగతి, అన్నీ కొడుక్కి చెబుతుంది. ఆ బొంగురు గొంతు ఆమె మాటలు ఆమెకే తిరిగి చెబుతుంది. చివరికి ఆమె ముందుకు వంగి, తీగల దగ్గరికి ముఖం పెట్టి, గొంతు తగ్గించి ఒక మాట మొదలుపెడుతుంది.

"కొడుకా, ఆ పొద్దుగాల నేను..."

సరిగ్గా అక్కడే కూత లేస్తుంది. రాజవ్వ ఉలిక్కిపడి వెనక్కు జరుగుతుంది. వానికి నా మీద కోపముంది అని, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోతుంది. ఏ సాయంత్రమూ ఆ మాట పూర్తి కాలేదు.

శంకరన్న పికప్‌ను విప్పి చూసి, భూతమూ లేదు దయ్యమూ లేదు, వదులు తీగ మాటకు కూడా అదురుతోంది, మరీ దగ్గరైతే కూస్తోంది అని చెప్పాడు. స్వాతి నమ్మింది. నమ్మినా, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరూ మాట్లాడకుండానే అది సన్నగా మూలిగితే ఆమెకు ఒళ్లు జలదరించేది. తల్లికి మాత్రం చెప్పలేదు. కొడుకును నది తీసుకుపోయింది, గొంతును నేనెందుకు తీసుకోవాలి అనుకుంది.

చంద్రపూర్‌లో కాలేజీ నాటి స్నేహితులు బ్యాండ్ పెట్టి ఆమెను రమ్మన్నారు. ఆ కూతతో పోయేదెట్లా? మెటల్ అంటే మోత అనుకుంటారు తెలియనివాళ్లు. దెబ్బకూ దెబ్బకూ నడుమ మౌనం కత్తితో కోసినట్టు ఉండాలి, అప్పుడే అది మెటల్. శంకరన్న ఇప్పుడైనా వార్నిష్‌లో ముంచుతానన్నాడు. కూత పోతుంది కానీ, చుట్లు ఎక్కువై పలుకు బురదలో దిగిన బండిలా ఉంది, అది పోదు. బ్యాటరీతో నడిచే పికప్ కొనమన్నాడు మంచిర్యాల దుకాణదారు, ఫోన్‌లో. మహా నిశ్శబ్దంగా ఉంటుందట. సిరోంచలో కరెంటు పోయినా పికప్ పనిచేస్తుంది నిజమే, వినిపించాల్సిన ఆంపే పనిచేయదు. ఒక రకం అయస్కాంతం మెత్తగా, గుండ్రంగా పలుకుతుందన్నాడు. అది పాటలకు బాగుంటుంది. స్వాతికి తెగేసినట్టు పలికేది కావాలి. చివరికి సిరామిక్ అయస్కాంతంతో, రెండు కాయిళ్లు పక్కపక్కన ఉండి, మైనంలో ముంచి గట్టిపరిచినదాన్ని తెప్పించుకుంది. మైనంలో మునిగింది మనిషి మాట వినదు. అది తెలిసే తెప్పించింది. డబ్బా చాలా రోజులు బీరువాలోనే ఉంది.

చంద్రపూర్ ప్రయాణం దగ్గరపడ్డాక బిగించింది. ఆ సాయంత్రం రాజవ్వ దీపం పెట్టి వచ్చి కూర్చుంది. తీగ, వార్నిష్, మైనం అంటూ స్వాతి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది, ఒక్కటీ నోట రాలేదు. ఆంప్ వేసి, గిటారు తీగలు అదరకుండా అరచేయి ఆనించింది.

రాజవ్వ పొలం ముచ్చట చెప్పింది. ఆంప్ పలకలేదు. ఆమె ఎప్పటిలాగే ముందుకు వంగింది. "కొడుకా, ఆ పొద్దుగాల నేను..." అని, అలవాటు కొద్దీ ఆగింది. కూత లేవలేదు.

"నేనే పొమ్మన్న," అంది రాజవ్వ. "నీకు జరముండె. మోటారు పోతది, లెవ్వు అంటే అటు తిరిగి పన్నవ్. దుప్పటి గుంజిన. వాన పడుతుంది జర ఆగుత అన్నవ్. నేను ఇనలే. మోటారు పోతే పోయేది గదా కొడుకా."

స్వాతి చేయి తీగల మీదే బిగుసుకుపోయింది. అన్న తనంతట తానే లేచి పోయాడని ఇన్నాళ్లూ ఊరికీ తనకూ చెప్పిన మనిషి ఈమేనా?

"ఇన్నొద్దులు నన్ను చెప్పనియ్యలే. ఇయ్యాల సాంతం ఇన్నడు," అని రాజవ్వ కూతురి వైపు తిరిగింది. "చెయ్యి తియ్యి బిడ్డా. ఏమంటడో ఇంట."

స్వాతికి ఒళ్లు మండిపోయింది. ఏ దెబ్బ కోసం ఆ పికప్ కొన్నదో ఆ దెబ్బ కొట్టాలనిపించింది. తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడిలో పిల్లలా కూర్చుని ఉంది. స్వాతి సౌండ్ బాగా తగ్గించి, లావు తీగను వేలితో మెల్లగా ఒకసారి మీటింది. ఆ నాదం ఆగేదాకా రాజవ్వ కళ్లు మూసుకుని విన్నది. తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, నువ్వు కూడా తిందువు రా అంటూ లేచింది.

ఇకనుంచి రోజూ ఆమె వచ్చి కూర్చుంటుంది, రోజూ జవాబు అడుగుతుంది. అన్న మాఫ్ చేశాడో లేదో స్వాతికి తెలియదు. తాను మాత్రం ఇంకా చేయలేదు.